జైలులో తోటి ఖైదీల నుంచి ముప్పు ఉంటే కుటుంబ సభ్యులు ఏం చేయాలి?

మనవాడిని రిమాండ్‌కు పంపారు, ఎదుటి వర్గం వాళ్లు అదే జైలులో ఉన్నారు, ఇప్పుడు ఎవరిని అడగాలి అన్న ప్రశ్న ఏదో ఒక రూపంలో వస్తూనే ఉంది. ఆ ముప్పు కొందరికి పాత కక్షల వల్ల, కొందరికి కేసు స్వభావం వల్ల, మరికొందరికి వయసు వల్లనో బ్యారక్‌లో చేసిన అప్పు వల్లనో వస్తుంది. కారణం ఏదైనా చాలా కుటుంబాలు చేసే పని ఒక్కటే. ఖైదీని చూసేందుకు ములాఖత్‌కు వెళ్లినప్పుడు గేటు దగ్గర కనిపించిన వార్డర్‌కు విషయం చెప్తారు, ఆయన “చూసుకుంటాంలెండి” అనగానే ఇంటికి వచ్చేస్తారు. ఆ మాట జైలు రికార్డులోకి ఎక్కదు. రేపు ఏదైనా జరిగితే, మాకు ముందుగా ఎవరూ చెప్పలేదని జైలు అధికారులు కోర్టుకు చెప్పడానికి అడ్డేమీ ఉండదు.

ముందే తెలియజేయడం ఎంత ముఖ్యమో అప్పటి కర్నూలు జిల్లా కోయిలకుంట్ల సబ్‌జైలు కేసు చెబుతుంది. 1977 మే 5, 6 తేదీల మధ్య రాత్రి కొందరు ఆ జైలులోకి చొరబడి సెల్‌పై బాంబులు వేయగా అందులో ఉన్న తండ్రి చనిపోయారు, కొడుకు చల్లా రామకృష్ణారెడ్డి గాయాలతో బయటపడ్డారు. తమ ప్రాణాలకు ముప్పు ఉందని వారు అధికారులకు ముందే తెలియజేశారు. ఆ సమాచారం అందిన తరువాత కూడా తగిన కాపలా పెట్టకపోవడం ప్రభుత్వ నిర్లక్ష్యమేనని, సార్వభౌమాధికారం పేరు చెప్పి (ప్రభుత్వంపై దావా చెల్లదన్న వాదనతో) నష్టపరిహారం నుంచి తప్పించుకోవడం కుదరదని సుప్రీంకోర్టు 2000లో చల్లా రామకృష్ణారెడ్డి కేసులో తేల్చింది. అక్కడ దాడి బయటి నుంచి వచ్చింది. లోపలి నుంచే వచ్చిన దాడికి ఉదాహరణ కావాలంటే 2008 నవంబరు నాటి అనంతపురం జిల్లా జైలు సంఘటన చాలు. పరిటాల రవి హత్య కేసు నిందితుడు మొద్దు శీను అక్కడ తోటి ఖైదీ చేతిలోనే హతుడయ్యాడు.

ఈ రక్షణ ఎవరు అడగవచ్చు?

ఫ్యాక్షన్ కేసుల్లో ప్రత్యర్థులు ఒకే జైలులో ఉన్నవారు, అప్రూవర్‌గా మారినవారు (క్షమాభిక్షకు బదులుగా సహనిందితులపై సాక్ష్యం చెప్పడానికి ఒప్పుకున్న నిందితులు), పిల్లలపై లేదా స్త్రీలపై నేరాల కేసుల్లో నిందితులు, గతంలో పోలీసు శాఖలోనో జైళ్ల శాఖలోనో పనిచేసినవారు, ట్రాన్స్‌జెండర్ వ్యక్తులు, 21 ఏళ్లలోపు యువకులు, మానసిక అనారోగ్యం ఉన్నవారు, జైలులో జరిగిన ఏదైనా విషయంపై సాక్ష్యమో ఫిర్యాదో ఇచ్చినవారు అడగవచ్చు. ఈ జాబితాలో లేనివారు అడగకూడదని కాదు. మహిళలను పురుషుల నుంచి, రిమాండ్ ఖైదీలను శిక్ష పడిన వారి నుంచి, 21 ఏళ్లలోపు పురుషులను మిగతావారి నుంచి వేరుగా ఉంచాలన్న నియమం 1894 నాటి జైళ్ల చట్టం నుంచీ ఉంది. 2023లో కేంద్ర హోం శాఖ రాష్ట్రాలకు పంపిన నమూనా చట్టం ట్రాన్స్‌జెండర్ ఖైదీలకు ప్రత్యేక వసతిని కూడా చేర్చింది. మీ దరఖాస్తులో సెక్షన్ నంబర్లు లేకపోయినా నష్టం లేదు, వాస్తవాలు ఉండాలి.

ముందుగా దగ్గర పెట్టుకోవలసినవి

- ఖైదీ పూర్తి పేరు, తండ్రి పేరు, జైలులో ఇచ్చిన నంబరు, ఏ బ్యారక్‌లో ఉన్నాడో ఆ వివరం
- ఎఫ్‌ఐఆర్ ప్రతి, రిమాండ్ రిపోర్టు ప్రతి, కేసు ఏ కోర్టులో ఉందో ఆ వివరం, తదుపరి వాయిదా తేదీ
- ముప్పు ఎవరి నుంచి అన్నది వారి పేర్లు, కేసు నంబర్లతో సహా (తెలిసినంత మేరకే)
- ముప్పుకు ఆధారాలు: పాత కేసుల కాగితాలు, బెదిరింపు ఫోన్లు వచ్చిన తేదీలు, డబ్బు అడిగిన సందేశాల స్క్రీన్‌షాట్లు
- వయసు, అనారోగ్యం, ట్రాన్స్‌జెండర్ గుర్తింపు వంటివాటికి ధ్రువపత్రాలు
- ఒక నోటు పుస్తకం. ప్రతి ములాఖత్ తేదీ, అతడు చెప్పిన మాట, మీరు కలిసిన అధికారి హోదా అందులో అదే రోజు రాయాలి.

చేయవలసిన పని, వరుసగా

1. వీలైతే రిమాండ్ వేసే రోజే మొదలుపెట్టండి. నిందితుడిని మేజిస్ట్రేట్ ముందు హాజరుపరిచినప్పుడు, ఫలానా జైలులో ఫలానావారు ఉన్నారని, వేరే జైలుకు పంపాలని లేదా అదే జైలులో విడిగా ఉంచేలా ఆదేశించాలని న్యాయవాది చేత ఒక మెమో వేయించండి. రిమాండ్ వేసే కోర్టు ఇలాంటి ఆదేశం ఇవ్వగలదు. 2023 సెప్టెంబరులో చంద్రబాబు నాయుడును రాజమహేంద్రవరం కేంద్ర కారాగారానికి పంపినప్పుడు విజయవాడ ఏసీబీ కోర్టు ఆయనకు ప్రత్యేక గది, ఇంటి భోజనం ఏర్పాటు చేయాలని చెప్పడం చాలామందికి గుర్తుండే ఉంటుంది. అవి పెద్దవాళ్లకే దక్కుతాయని మీరు అనవచ్చు, ఆ మాటలో నిజం కొంత ఉంది. కానీ అడిగే అధికారం మాత్రం అందరికీ ఉంది, అడగని వారికి ఎవరూ పిలిచి ఇవ్వరు.

సొంత న్యాయవాది లేకపోతే 15100 నంబరుకు ఫోన్ చేయండి, లేదా జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయ సేవాధికార సంస్థ కార్యాలయానికి వెళ్లండి. నిర్బంధంలో ఉన్న వ్యక్తికి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం అందాలని 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ చెబుతోంది.

2. ముందు ఖైదీ సమ్మతి తీసుకోండి. చాలామంది ఈ మెట్టును దాటేస్తారు. మీరు బయట ఇచ్చే ప్రతి కాగితం ఫలితం లోపల అతడే అనుభవించాలి. ఫిర్యాదు వెళ్లిందని తెలిస్తే అతడికి ఇన్‌ఫార్మర్ అన్న పేరు పడవచ్చు. ములాఖత్‌లో పక్కనే ఇతర ఖైదీలు, వారి బంధువులు నిలబడి మాట్లాడుతుంటారు కాబట్టి అక్కడ పేర్లు పలకకండి. “నిద్ర పడుతోందా, పక్క మార్చమని అడగమంటావా?” అన్నంత మాట చాలు. వివరాలు న్యాయవాది ద్వారా తెప్పించుకోవాలి, ఎందుకంటే రిమాండ్ ఖైదీ తన న్యాయవాదితో మరొకరు లేకుండా మాట్లాడుకునే వీలు చట్టంలోనే ఉంది.

ఒకవేళ అతడు భయపడి వద్దంటే? అప్పుడు పేర్లు లేకుండా, బ్యారక్ మార్చమని మాత్రమే కోరండి. ముప్పు ప్రాణం దాకా వచ్చిందని మీకు గట్టిగా అనిపిస్తే మాత్రం ఆ వద్దన్న మాట దగ్గర ఆగిపోకూడదన్నది నా అభిప్రాయం. ఆ స్థితిలో జైలు అధికారుల దగ్గరకు కాకుండా నేరుగా కోర్టుకు వెళ్లడం మేలు.

3. సూపరింటెండెంట్‌కు లిఖితపూర్వక దరఖాస్తు ఇవ్వండి. దరఖాస్తు ఒక పేజీ దాటకూడదు. కేసులో మనవాడి తప్పేమీ లేదన్న వాదన ఇందులో అనవసరం. నమూనా ఇది:

*“గౌరవనీయులైన సూపరింటెండెంట్ గారికి, ఫలానా కేంద్ర కారాగారం. విషయం: రిమాండ్ ఖైదీ నంబరు ఫలానా, పేరు ఫలానా, ప్రాణరక్షణ కొరకు వసతి మార్పు. నేను పై ఖైదీకి భార్యను. నా భర్త ఫలానా తేదీ నుంచి తమ కారాగారంలోని ఫలానా బ్యారక్‌లో ఉన్నారు. ఫలానా పోలీస్ స్టేషన్ ఫలానా నంబరు కేసులో మాకు ప్రత్యర్థులైన ఇద్దరు వ్యక్తులు అదే బ్యారక్‌లో ఉన్నారు. ఫలానా తేదీన స్నానాల తొట్టి దగ్గర వారు నా భర్తను చంపుతామని బెదిరించినట్లు ఆయన తన న్యాయవాదికి తెలిపారు. కావున (ఒకటి) నా భర్తను వారికి ఎదురుపడని బ్యారక్‌కు మార్చవలసిందిగా, (రెండు) స్నానం, భోజనం, ములాఖత్, కోర్టు ప్రయాణ సమయాల్లో కూడా వారిని కలపకుండా చూడవలసిందిగా, (మూడు) తీసుకున్న చర్యను నాకు లిఖితపూర్వకంగా తెలియజేయవలసిందిగా ప్రార్థిస్తున్నాను.”*

రెండో కోరికను ఎట్టి పరిస్థితిలోనూ వదలకండి. రాత్రి పడుకునే చోటు మార్చినా పగలు తాళాలు తీశాక అందరూ ఒకే ఆవరణలో తిరిగితే ఆ మార్పు వల్ల ఒరిగేది తక్కువ. వాయిదా రోజున ఒకే ఎస్కార్ట్ వాహనంలో ఎక్కించడం, కోర్టు లాకప్‌లో ఒకే గదిలో కూర్చోబెట్టడం కూడా ప్రమాదమే. వాయిదాలు ఒకే రోజున పడుతుంటే వేరే తేదీ కోసమో, వీడియో ద్వారా హాజరు కోసమో న్యాయవాది కోర్టును అడగాలి.

ఎదుటివారిని శిక్షించమని ఈ దరఖాస్తులో అడగవద్దు. అలా అడిగితే అది విచారణ జరగవలసిన ఆరోపణ అవుతుంది, ఆ విచారణ పూర్తయ్యేదాకా బ్యారక్ మార్పు ఆగుతుంది. ఇప్పుడు మీకు కావలసింది ఎడం మాత్రమే.

4. అందినట్లు రుజువు సంపాదించండి. రెండు ప్రతులు తీసుకువెళ్లి ఒకదానిపై జైలు ముద్ర, తేదీ, సంతకం వేయించుకోండి. గేటులో తీసుకోకపోతే గొడవ పడకుండా అదే రోజు స్పీడ్ పోస్టులో పంపండి. రసీదును, అందినట్లు చూపే ట్రాకింగ్ వివరాన్ని ముద్రించి దాచుకోండి. జైళ్ల శాఖ డైరెక్టర్ జనరల్ కార్యాలయానికి, జిల్లా న్యాయ సేవాధికార సంస్థ కార్యదర్శికి చెరొక ప్రతి పంపండి. న్యాయ సేవాధికార సంస్థ కార్యదర్శి న్యాయాధికారి కాబట్టి అక్కడి నుంచి ఒక ఫోన్ వెళ్తే పని కదిలే అవకాశం ఎక్కువ. జైలు లోపల ఉండే న్యాయ సహాయ కేంద్రంలో పారా లీగల్ వాలంటీర్లుగా (న్యాయ సహాయంలో తోడ్పడే శిక్షణ పొందినవారు) శిక్ష పడిన ఖైదీలు కూడా ఉండవచ్చు, అందువల్ల పేర్లతో కూడిన కాగితాన్ని అక్కడ ఇవ్వకుండా కార్యదర్శికే చేర్చండి.

5. జవాబు రాకపోతే కోర్టుకు వెళ్లండి. బెదిరింపు తాజాగా ఉంటే మూడో మెట్టుతో పాటే ఇదీ చేయాలి, వేచి ఉండనక్కరలేదు. కేసు ఏ కోర్టులో ఉందో అక్కడే న్యాయవాది పిటిషన్ వేస్తారు. సబ్‌జైళ్ల విషయంలో ఈ మార్గమే ముఖ్యం. చాలా సబ్‌జైళ్లలో గదులే కొన్ని ఉంటాయి, విడిగా ఉంచమంటే అక్కడి అధికారికి చోటు చూపించడం కష్టం. అలాంటప్పుడు జిల్లా జైలుకో కేంద్ర కారాగారానికో మార్చమని అడగడమే ఉపాయం. రిమాండ్ ఖైదీని ఒక జైలు నుంచి మరొక జైలుకు మార్చే నిర్ణయం కోర్టుదని, అది జైలు శాఖ సొంతంగా తీసుకునే పరిపాలనా నిర్ణయం కాదని సుప్రీంకోర్టు 2012లో సయీద్ సొహైల్ షేక్ కేసులో చెప్పింది. అయితే జైలు దూరమైతే ములాఖత్‌లు తగ్గుతాయి, న్యాయవాది రాకపోకలు తగ్గుతాయి. అడిగే ముందు ఇంట్లో ఆ లెక్క వేసుకోండి.

రిమాండ్ పొడిగింపు ఒక్కోసారి 15 రోజులకు మించకూడదు కాబట్టి ఖైదీ మేజిస్ట్రేట్‌కు తరచుగా కనిపిస్తాడు. నేరుగా తీసుకువచ్చిన రోజున స్వయంగా చెప్పుకోవచ్చు. వీడియోలో హాజరైనప్పుడు పక్కనే జైలు సిబ్బంది ఉంటారు కాబట్టి నోరు తెరవడం అంత సులువు కాదు. బెదిరింపులో సిబ్బంది పాత్ర కూడా ఉందనుకుంటే, నేరుగా హాజరుపరచమని న్యాయవాది చేత ముందే అడిగించండి.

6. మిగిలిన తలుపులు. హైకోర్టులో రిట్ (ప్రాథమిక హక్కుల రక్షణ కోసం వేసే పిటిషన్) వేయవచ్చు. జైలు నుంచి ఒక ఖైదీ రాసిన ఉత్తరాన్నే పిటిషన్‌గా తీసుకుని సుప్రీంకోర్టు విచారించిన సునీల్ బాత్రా రెండో కేసులో, ఖైదీలందరికీ అందుబాటులో ఫిర్యాదుల పెట్టెలు ఉండాలని, అవి జిల్లా మేజిస్ట్రేట్, సెషన్స్ జడ్జి ఆదేశాల మేరకు నడవాలని 1979 డిసెంబరులోనే ఆదేశించారు. మానవ హక్కుల కమిషన్‌కు ఫిర్యాదు చేయడానికి రుసుము లేదు, కానీ సంఘటన జరిగిన ఏడాది లోపు చేయాలి. రాష్ట్ర కమిషన్ ముందు ఉన్న విషయాన్ని జాతీయ కమిషన్ విచారించదు, కాబట్టి రెండింటికీ పంపి రెట్టింపు ఫలితం ఆశించకండి.

దరఖాస్తుపై ఏం జరిగిందో తెలియకపోతే సమాచార హక్కు చట్టం కింద అడగండి. కాగితం పైభాగంలోనే “ప్రాణ రక్షణకు సంబంధించిన సమాచారం, 7(1) సెక్షన్ ప్రకారం 48 గంటల్లో ఇవ్వవలసినది” అని స్పష్టంగా రాయండి. అది రాయకపోతే మామూలు 30 రోజుల వరుసలో పడిపోతుంది.

కొన్ని ప్రత్యేక సందర్భాలు

నేరం జరిగిన నాటికి 18 ఏళ్లు నిండనివారైతే రక్షణ దరఖాస్తు రాస్తూ కూర్చోకండి, అసలు ఆ బాలుడు జైలులోనే ఉండకూడదు. పాఠశాల ఇచ్చిన పుట్టినతేదీ పత్రం లేదా పదో తరగతి ధ్రువపత్రం, అవి లేకపోతే మున్సిపాలిటీ లేదా పంచాయతీ జనన ధ్రువపత్రం తీసుకుని వెంటనే కోర్టులో వేయించండి. 2015 నాటి బాల న్యాయ చట్టం ప్రకారం ఈ వాదనను ఏ కోర్టులోనైనా, ఏ దశలోనైనా లేవనెత్తవచ్చు.

ట్రాన్స్‌జెండర్ వ్యక్తులకు ప్రత్యేక వార్డు ఉండాలని, అయితే ఆ పేరుతో వారిని పూర్తిగా ఒంటరిగా ఉంచకూడదని కేంద్ర హోం శాఖ 2022 జనవరిలో రాష్ట్రాలకు సూచించింది. దరఖాస్తుకు ఆ సూచన తేదీని, గుర్తింపు ధ్రువపత్రాన్ని జతచేయండి.

అప్రూవర్లకు బెయిల్ రాకపోతే విచారణ ముగిసేదాకా జైలులోనే ఉండవలసి వస్తుంది. సాక్షుల రక్షణ పథకం కింద జిల్లాలోని సంబంధిత అధికార సంఘానికి వేరే దరఖాస్తు పెట్టడానికి వారికి వీలుంది. సహనిందితులున్న జైలులోనే అప్రూవర్‌ను ఉంచితే న్యాయవాది ఒక్క రోజు కూడా ఆలస్యం చేయకూడదు.

“మా కులం వాళ్ల బ్యారక్‌లో వేయండి” అని అడిగేవారు కూడా ఉన్నారు. అలా అడగవద్దు. జైళ్లలో కులాన్ని బట్టి విభజన రాజ్యాంగ విరుద్ధమని 2024 అక్టోబరులో సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. వ్యక్తుల నుంచి ముప్పు అని రాయండి, కులం ప్రస్తావన వద్దు.

రక్షణ శిక్షగా మారకుండా చూసుకోవడం

విడిగా ఉంచమని అడిగినప్పుడు జైలుకు సులువుగా తోచేది ఒంటరి సెల్‌లో వేసి తాళం వేయడం. కొద్ది రోజులకు అది తప్పకపోవచ్చు, నెలలు గడిస్తే మనిషి మనసు చెడిపోతుంది. అందుకే దరఖాస్తులో “ఒంటరి నిర్బంధం కాకుండా, ప్రమాదం లేని ఇతర ఖైదీలతో కలిపి” అన్న మాట చేర్చండి. ఏ కారణంతోనైనా 24 గంటలకు మించి ఒంటరి సెల్‌లో ఉంచితే వైద్యాధికారి లేదా వైద్య సిబ్బంది రోజుకొకసారైనా వచ్చి చూడాలని, లోపల నుంచి అధికారిని పిలిచే వీలు ఆ సెల్‌లో ఉండాలని 1894 చట్టంలోనే ఉంది. మీ మనిషిని విడిగా ఉంచినంత మాత్రాన ములాఖత్, క్యాంటీన్, ఫోన్ సౌకర్యం, వ్యాయామం, చదువు తీసేయడానికి వీల్లేదు.

పని జరిగిందో లేదో ఎలా తెలుస్తుంది?

“మార్చాం” అన్న జవాబుతో తృప్తి పడకండి. తరువాతి ములాఖత్‌లో ఈ ప్రశ్నలు విడివిడిగా అడగండి: ఇప్పుడు ఏ బ్యారక్? పక్కన పడుకునేది ఎవరు? నీళ్లకు ఎప్పుడు వదులుతున్నారు, ఆ సమయంలో వాళ్లు కనిపిస్తున్నారా? పోయిన వాయిదాకు ఏ వాహనంలో తీసుకెళ్లారు? డాక్టరు వచ్చాడా? జవాబులకన్నా ముందు మనిషిని చూడండి. చొక్కా చేతులు మడిచి చూపించమనండి, నడక గమనించండి, బరువు తగ్గాడేమో చూడండి. ఉన్నట్టుండి ఎక్కువ డబ్బు పంపమని అడగడం, ములాఖత్‌కు రావద్దని కబురు చేయడం మంచి గుర్తులు కావు. ఈ రెంటిలో ఏది కనిపించినా న్యాయవాదిని అదే వారం లోపలికి పంపండి.

తరచుగా జరిగే పొరపాట్లు

బ్యారక్‌లో పెద్దరికం చేసే ఖైదీ మనుషులకు బయట డబ్బు ముట్టజెప్పి రక్షణ కొనుక్కోవడం అన్నిటికన్నా చెడ్డది. మొదటిసారి ఇచ్చిన మొత్తం రెండోసారికి కనీస ధర అవుతుంది. ఇప్పటికే ఇచ్చి ఉంటే ఆ చెల్లింపుల వివరాలు చెరిపేయకండి, అవే రేపు బలవంతపు వసూలుకు సాక్ష్యం.

ముప్పును పెంచి రాయడం మరొక పొరపాటు. ఇద్దరు బెదిరిస్తే ఇరవై మంది అని రాస్తే, సూపరింటెండెంట్ నివేదికలో అది అబద్ధమని తేలుతుంది, ఆపైన నిజమైన ఇద్దరి విషయం కూడా ఎవరూ నమ్మరు. బెయిల్ పిటిషన్‌లోనే ఒక పేరాగా ప్రాణభయాన్ని ఇరికించడమూ సరికాదు. బెయిల్ కోసం చెప్పిన సాకుగా అది కనిపిస్తుంది, బెయిల్ కొట్టేస్తే దానితో పాటే ఇదీ పోతుంది. వేరే పిటిషన్ వేయించండి.

దాడి జరిగిపోతే

గాయాలు మానకముందే వైద్య పరీక్ష, ఆ పరీక్ష నివేదిక కావాలి. జైలు ఆసుపత్రిలో కట్టు కట్టి పంపితే, బయటి ప్రభుత్వ ఆసుపత్రిలో పరీక్ష చేయించమని అదే రోజు కోర్టును అడగండి. జైలులో చేరిన రోజున ఒంటిపై ఉన్న గాయాలు, గుర్తులు రికార్డు చేసి ఉంటారు కాబట్టి ఆ రికార్డు తెప్పించమని కూడా కోరండి. అప్పుడు లేని గాయం ఇప్పుడు ఉంటే అది లోపల తగిలిందేనని తేలుతుంది. సీసీ కెమెరా దృశ్యాలు కొన్నాళ్లకు వాటంతట అవే చెరిగిపోతాయి. ఫలానా తేదీ, ఫలానా గంటల మధ్య, ఫలానా బ్యారక్ కెమెరా దృశ్యాలను భద్రపరచాలని జైలుకు, కోర్టుకు ఒకేసారి రాయండి. జైలు ఏ పోలీస్ స్టేషన్ పరిధిలో ఉందో అక్కడ ఫిర్యాదు ఇచ్చి ఎఫ్‌ఐఆర్ ప్రతి ఉచితంగా తీసుకోండి. తీసుకోకపోతే జిల్లా ఎస్పీకి లేదా కమిషనరేట్ అధికారికి పోస్టులో పంపి, ఆ తరువాత మేజిస్ట్రేట్‌ను ఆశ్రయించవచ్చు. నాలుగో మెట్టులో మీరు దాచుకున్న ముద్ర ఉన్న ప్రతిని ఈ కాగితాలన్నిటికీ జతచేయాలి.

బ్యారక్ మార్చినా, జైలు మార్చినా, కేసు మేజిస్ట్రేట్ కోర్టు నుంచి సెషన్స్ కోర్టుకు వెళ్లినా పాత దరఖాస్తు తనంతట తాను వెంట రాదు. కొత్త జైలు సూపరింటెండెంట్‌కు పాత దరఖాస్తు, కోర్టు ఆదేశం ప్రతులను మొదటి ములాఖత్ రోజునే అందజేసి, మళ్లీ ముద్ర వేయించుకోండి.